అనుమానం గారి గ్లైడర్

మా సారుకి అనుమానం. దేని మీద అని అడక్కండి, ఏది కనిపిస్తే దాని మీద. ఏదీ కనిపించకపోతే ఎందుకు కనిపించట్లేదా అని.

"సార్, వాన పడుతోంది" అంటే ఆయన తల ఎత్తకుండా "ఎవరన్నారు?" అంటారు. బయట చెయ్యి చాపి, తడిసిన చెయ్యి చూపిస్తే, "మేడమీద ట్యాంకు పొంగుతుండొచ్చు" అంటారు. మెట్లెక్కి వెళ్ళి, ట్యాంకు పొంగట్లేదని చూసి, అక్కడే నిలువునా తడిసి, కిందికి దిగి తల తుడుచుకుంటూ, "వానలాగే ఉంది" అంటారు. వానే అని మాత్రం చచ్చినా అనరు.

ఆఫీసులో అందరూ వెనకాల ఆయన్ని అనుమానం గారు అంటారు. నాకు వెనకాలా ముందూ తేడా తెలీదు కాబట్టి ఒకసారి ఎదురుగానే అనేశాను. ఆయనకి కోపం రాలేదు. "ఆ పేరు నాకే పెట్టారని నీకు గట్టిగా తెలుసా?" అని అడిగారు.

ఆయన ఇంటి వెనక గదిలోనే నేను అద్దెకుంటాను. అంటే పగలంతా ఆఫీసులో, మిగతాదంతా ఇంట్లో ఆయనే. హాల్లో మూడు గోడ గడియారాలుంటాయి. "రెండుంటే ఏది తప్పో తెలీదు. మూడుంటే ఓట్లు లెక్కపెట్టొచ్చు" అని ఆయన సిద్ధాంతం. మూడూ మూడు టైములు చూపిస్తాయి. ఆయన భార్యని నేను పిన్నిగారంటాను. ఆవిడ ఆ మూడింటినీ వదిలేసి, వీధి చివర బడి గంట విని వంట మొదలుపెడతారు.

పొద్దున ఇంటికి తాళం వేయడం ఒక పెద్ద తతంగం. వేసి, లాగి, గేటు దాకా వెళ్ళి, వెనక్కొచ్చి, మళ్ళీ లాగి, వీధి మలుపు దాకా వచ్చాక ఆగిపోతారు.

"ఏమైంది సార్?"

"తాళం లాగాను."

"లాగారు. నేను చూశాను."

"లాగింది ఇవాళేనా? నిన్న లాగింది గుర్తొస్తోందా?"

అలా మాట్లాడే మనిషితో రోజూ ఆఫీసుకి నడిచి వెళ్ళాలి.

మా పని సముద్రం లోపల చిన్న చిన్న కదలికల్ని పట్టుకోవడం. పెద్ద ప్రవాహాల గురించి లోకంలో చాలామంది మాట్లాడతారు. మా సారుకి అవి పట్టవు. అరచేతి వెడల్పు సుడులు, బొటనవేలంత సుడులు కావాలి. కాఫీలో పాలు పోసి చెంచా పెట్టకుండా చూడండి. కాసేపు పాలు ఒక పక్కా కాఫీ ఒక పక్కా బిగదీసుకుని కూర్చుంటాయి. సముద్రమూ అంతే. వెచ్చటి నీళ్ళు పైన, చల్లటివి కింద. ఉప్పు తక్కువవి పైన, ఎక్కువవి కింద. అవి ఎప్పుడో ఒకప్పుడు, ఎలాగో ఒకలా కలుస్తాయి. మరి చెంచా తిప్పేదెవరు? ఈ ప్రశ్న పట్టుకుని ఆయన జుట్టంతా నెరిసింది. గాలి తిప్పుతోందని ఒకరు రాస్తే ఆయనకి గాలి మీద అనుమానం, ఆటుపోట్లు తిప్పుతున్నాయని ఇంకొకరు రాస్తే వాటి మీద అనుమానం.

ఆ చెంచా పట్టుకున్న చేతి కోసం మేం సముద్రంలోకి పంపే గూఢచారి పేరు గ్లైడర్. పసుపు రంగు, మనిషంత పొడవు, రెండు పొట్టి రెక్కలు, ఒక తోక. ఇంజను లేదు, పంకా లేదు. కడుపులో నూనె తిత్తి ఒకటుంది. అది ఉబ్బితే గ్లైడర్ తేలుతుంది, తగ్గితే మునుగుతుంది. తేలుతూ మునుగుతూ రెక్కల మీద ముందుకి జారుతుంది. వారాల తరబడి ఇదే పని. ముక్కు చివర బియ్యపు గింజంత మొన ఒకటి నీళ్ళలో వణుకుని పసిగడుతుంది. పైకి వచ్చినప్పుడల్లా తోక గాల్లోకి ఎత్తి, ఉపగ్రహం మీదుగా మాకు ఫోన్ చేసి, ఎక్కడుందో ఏం చూసిందో చెప్తుంది. నేను మా అమ్మకి చేసిన ఫోన్ల కన్నా అది మాకు చేసినవే ఎక్కువ.

ఇంత బుద్ధిమంతురాలైన యంత్రాన్ని ఎవరైనా ముద్దు చేస్తారు. మా సారు పోలీసు దొంగని చూసినట్టు చూస్తారు.

ఒకసారి అది పంపిన గీతల్లో ఒకటి నిట్టనిలువుగా లేచింది. మా సంస్థ డైరెక్టరుని పెద్దసారు అంటాం. ఆయన ఎగిరి గంతేసినంత పనిచేశారు.

"ఇంత గట్టి కలయిక ఈ నీళ్ళలో ఇంతవరకూ ఎవరూ చూడలేదండీ!"

"సముద్రం వణికిందని ఎవరన్నారు?" అన్నారు మా సారు.

"మీ గ్లైడరే అంటోంది కదా!"

"వణికింది అదే కావచ్చు. డాక్టరు చెయ్యి వణుకుతుంటే రోగి నాడి ఇలాగే ఉంటుంది."

తర్వాత గ్లైడర్ని బయటికి తీస్తే ముక్కు నిండా జెల్లీచేప జిగురు. పెద్దసారు ముఖం మాడిపోయింది. మా సారుకైనా సంతోషం ఉండాలి కదా? లేదు. జిగురు వేలికి రాసుకుని, వాసన చూస్తూ, "ఇది జెల్లీచేపదేనంటావా?" అని నన్ను అడుగుతున్నారు.

ఇక నేను ఆయన దగ్గరికెలా చేరానో చెప్పాలి. కాలేజీ మధ్యలో వదిలేశాను. తర్వాత చేసిన పనులన్నీ మధ్యలోనే వదిలేశాను. ఎవరైనా పొమ్మనే లోపు నేనే పోతాను, అదొక పద్ధతి. ఉన్నదున్నట్టు మొహానే అనేస్తాను, అదింకో పద్ధతి. ఈ రెండో పద్ధతి మూలంగానే మొదటిది ఎక్కువగా అవసరమయ్యేది. పార్సిళ్ళు చేరేసే పనిలో ఉండగా ఈయనకో డబ్బా తెచ్చాను.

"సంతకం పెట్టండి సార్."

"లోపల సరుకు బాగుందని ఎవరన్నారు?"

నేను డబ్బాని చెవి దగ్గర ఊపి చూశాను. "ఎవరూ అనలేదు. గలగలమంటోంది. విరిగింది. నేనైతే సంతకం పెట్టను."

ఆయన కళ్ళజోడు సర్దుకుని నన్ను పైనుంచి కిందికి చూశారు. "ఆ కంపెనీలో పనిచేస్తూ ఇలా చెప్తావేం?"

"గలగలమంటుంటే ఇంకేం చెప్పాలి?"

విప్పి చూస్తే గ్లైడర్ ముక్కుకి పెట్టే గాజు మొనలు పిండి అయిపోయి ఉన్నాయి. సరుకు పోయినందుకు అంత సంబరపడిన మనిషిని నేను చూడలేదు.

"మా దగ్గర పనిచేస్తావా?"

"ఏం పని?"

"ఇదే. గలగలమంటే గలగలమంటోందని చెప్పడం."

అలా చేరాను, ఆర్నెల్లు చూసి ఖాయం చేసే షరతు మీద. డిగ్రీ లేనివాణ్ణి తీసుకోవడం పెద్దసారుకి సుతరామూ ఇష్టం లేదు. నా ముఖం మీదే అన్నారు. నాకు ఆ ఒక్క విషయంలో ఆయన నచ్చారు.

చేరిన మొదటి వారమే సారుకీ నాకూ నా జుట్టు దగ్గర పేచీ. గ్లైడర్ పెంకు రెండు ముక్కలు. మధ్యలో రబ్బరు చుట్టు పెట్టి బిగిస్తాం. ఆ చుట్టు మీద ఒక్క వెంట్రుక పడ్డా లోతుకెళ్ళాక అక్కణ్ణించి నీళ్ళు దూరతాయి. ఆయన నా తల వైపు చాలాసేపు చూశారు.

"గుండు చేయించుకోకూడదూ?"

"చేయించుకోను."

"సగం?"

"సార్, మీ మీసాల సంగతేంటి?"

అప్పటిదాకా మీసాల మీద ఆయనకి అనుమానం రాలేదు. మర్నాడు మీసాలు లేకుండా వచ్చారు. పిన్నిగారు నాతో రెండు రోజులు మాట్లాడలేదు. నేను టోపీ కొనుక్కున్నాను.

అన్నిటికన్నా నన్ను మండించింది తూకం. గ్లైడర్ని నీళ్ళలోకి దింపే ముందు ఉప్పునీళ్ళ తొట్టిలో పెట్టి, కడుపులో సీసం పలకలు వేస్తూ తీస్తూ, అది సరిగ్గా తేలీ తేలనట్టు ఉండేలా చూడాలి. ఒక్క పలక ఎక్కువైతే మునుగుతుంది, తక్కువైతే మునగదు. ఆ పని నాది. నేను పొద్దుటినుంచి తంటాలుపడి కుదిర్చి ఇటు తిరిగేసరికి, ఆయన అటు మొత్తం పలకలు తీసి మళ్ళీ మొదట్నుంచి తూచేవారు.

"నా మీద నమ్మకం లేకపోతే నన్నెందుకు పెట్టుకున్నారు?" అని ఒకరోజు అడిగేశాను.

"ఉందని ఎవరన్నారు?" అన్నారు, పలక మీంచి చూపు తిప్పకుండా.

ఆ రోజే వెళ్ళిపోవాల్సింది. ఎందుకు వెళ్ళలేదో నాకూ తెలీదు. తొట్టిలో అంత పెద్ద యంత్రం పైకీ పోక కిందికీ పోక నీళ్ళ మధ్య కదలకుండా నిలబడితే చూడ్డం బావుంటుంది. బహుశా అందుకే.

వానాకాలం చివర గ్లైడర్ని మళ్ళీ దింపాం. పడవ సరంగు కట్టిన తాడు ముడిని సారు విప్పి మళ్ళీ కట్టారు. సరంగు ముసలాయన, ఓపికమంతుడు. "కట్టండి సారూ, మీరు కట్టాక నేను మళ్ళీ కడతాను, లేకపోతే ఊడిపోతుంది" అన్నాడు. గ్లైడర్ మునిగింది. మొదట్లో చెప్పిన వేళకి ఫోన్లు చేసింది. ఒకరోజు చెయ్యలేదు. మర్నాడూ ఉలుకూ పలుకూ లేదు.

పైకి రాలేకపోతే కొంతకాలం చూసి, కింద కట్టిన ఒక బరువుని వదిలేసి తేలిపోయే ఏర్పాటు గ్లైడర్లో ఉంటుంది. కానీ ఆ ఏర్పాటు మీద మా సారుకి అనుమానం. ఏ కారణం లేకుండా వదిలేస్తుందేమోనని, దాని గడువుని పెట్టగలిగినంత దూరంగా పెట్టించారు. ఆ గడువు వచ్చేలోపు బ్యాటరీ చచ్చిపోతుంది.

పెద్దసారు అందర్నీ వర్క్‌షాపులో నిలబెట్టారు.

"మునిగిపోయిందండీ. ఇంకేముంది. బరువు ఎక్కువ వేసుంటారు. ఆఖరి చెయ్యి ఎవరిది?"

మా దగ్గర అదో ఆచారం. యంత్రాన్ని చివరగా ఎవరు ముట్టుకుంటే ఆ పనికి జవాబు వాళ్ళే చెప్పాలి. పలకలు వేసింది నేనే అని చెప్పడానికి నోరు తెరిచాను. ఆ లోపే సారు అన్నారు:

"నాది."

"పలకలు వేసింది ఈ అబ్బాయి కదా?"

"వేశాడు. ఎప్పట్లాగే నేను తీశాను. తూచి మళ్ళీ వేశాను."

"అంటే ఇతని పని మీద మీకు అనుమానం వచ్చింది!"

"తక్కెడ మీద వచ్చింది. తొట్టిలో నీళ్ళ మీద వచ్చింది. పలకల మీద కూడా."

"ఇతని మీద?"

"వస్తువులే ఇన్నుంటే, మనుషుల మీద కూడా అనుమానపడటానికి నాకు తీరికెక్కడిదండీ?"

పెద్దసారు తల పట్టుకున్నారు. "మీరు అడ్డం పడుతున్నారని నాకు తెలుసు. చూడండి, పైవాళ్ళకి ఎవరో ఒకరి పేరు చెప్పాలి. మీ పేరు చెప్తే మొత్తం ఈ పనే మూసేస్తారు. ఆర్నెల్లు నిండనివాడు ఇతనొక్కడే. ఈ వారంలో గ్లైడర్ దొరక్కపోతే ఇతను వెళ్ళిపోవాలి. దొరికితే నా ముందు విప్పి తూచండి, అప్పుడు చూద్దాం."

ఇంటికొచ్చి బ్యాగు సర్దడం మొదలుపెట్టాను. పొమ్మనే లోపు పోవడం నా పద్ధతని చెప్పాను కదా. ఈసారి మాత్రం చొక్కాలు మడతపెట్టడానికి చేతులు రావట్లేదు. పిన్నిగారు గుమ్మంలో నిలబడి చూశారు.

"ఎక్కడికి నాయనా?"

"ఎక్కడికో ఒకచోటికి. మీ ఆయన నా పనంతా తీసి మళ్ళీ చేస్తారు, ఇంకా నేనెందుకండీ?"

ఆవిడ నవ్వారు. "మా పెళ్ళైన కొత్తలో కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. ఆయన ఒక ముద్ద తిని, లేచి, ఉప్పు డబ్బా మూత పరీక్ష చేశారు. మూత వదులుగా ఉందిట, తప్పంతా దానిదేనట. కొత్త డబ్బా కొనుక్కొచ్చారు. ఇన్నేళ్ళలో నేను మాడ్చినవన్నీ పొయ్యి మాడ్చింది. నేను పగలగొట్టినవన్నీ పింగాణీ కంపెనీవాడు పగలగొట్టాడు. నా మీద ఒక్కనాడు అనుమానపడలేదు. పడితే బావుండునని ఒక్కోసారి నాకే అనిపిస్తుంది, వంట కాస్త కుదిరేది."

నేను సగం సర్దిన బ్యాగుని మంచం కిందికి తోశాను.

మర్నాడు పొద్దున్నే సారు నన్ను పడవ దగ్గరికి లాక్కెళ్ళారు. గ్లైడర్ ఆఖరిసారి ఫోన్ చేసిన చోటికి వెళ్ళి, ఉప్పు కొలిచే మీటరుని నీళ్ళలో ముంచారు. ముల్లు దాదాపు కదల్లేదు.

"ఈ మీటరు చెడిపోయింది" అన్నారు. దోసిట్లో నీళ్ళు తీసుకుని నాలుక తడుపుకున్నారు. "నా నాలుక కూడా చెడినట్టుంది. పొద్దున కాఫీకి కాలింది. సరంగూ, నువ్వు తాగు."

"ఇన్నేళ్ళుగా జనాన్ని సముద్రం మీద తిప్పుతున్నాను సారూ. సముద్రం తాగమన్నది మీరే" అంటూ ఒక గుక్క తాగాడు. "చప్పగా ఉంది."

"నువ్వు?"

"చప్పగా, బురద వాసనగా ఉంది. రెండోసారి అడక్కండి."

మూతున్న సీసాకి తాడు కట్టి కొంచెం లోతుకి దించి, అక్కడ మూత లాగి నింపి తీశాం. అది ఉప్పు కషాయం. ముగ్గురం ఉమ్మేశాం. మూడు ఓట్లూ ఒకే వైపు పడ్డాయి.

సారు పడవ అంచున చతికిలబడ్డారు. "నది" అన్నారు. "ఎగువన ఎక్కడో వానలు దంచేశాయి. నది నీళ్ళు ఇంత దూరం వచ్చి సముద్రం మీద దుప్పటిలా పరుచుకున్నాయి. మన గ్లైడర్ని మనం ఉప్పునీళ్ళకి తూచాం. ఉప్పునీళ్ళలో తేలేది మంచినీళ్ళలో తేలదు. పాపం అది పైకి వస్తోంది, ఈ దుప్పటి కింద ఆగిపోతోంది. తోక బయటపెట్టలేక, ఫోన్ చేయలేక, గది కప్పుకి తగిలిన బెలూన్‌లా అక్కడే వేలాడుతోంది."

"అయితే బతికే ఉందా?"

"ఉన్నట్టే ఉంది."

పెద్దసారు ఇదంతా విని, "మరి ఎలా తీస్తారు?" అన్నారు.

"ఈ దుప్పటి కింది నీళ్ళతో కలిసిపోవాలి. గాలి రావాలి. వచ్చి చెంచా తిప్పాలి."

"అంటే గాలి కోసం కూర్చుంటామా?"

"కూర్చుంటాం."

కూర్చున్నాం. దేన్నీ నమ్మని మనిషి గాలిని నమ్ముకుని కూర్చోవడం చూడాలి. వాతావరణం వార్తలు మూడు చోట్ల చూసి ఓట్లు లెక్కపెట్టేవారు. వేలు తడిపి పైకెత్తి, గాలి తగిలితే వేలి మీద అనుమానపడేవారు. నా వారం కరిగిపోతోంది. చెట్ల మీద ఆకు కదిలితే నా గుండె కదిలేది.

అలా ఉండగా పిన్నిగారు మేడ మీంచి కేక వేశారు. "ఏమండీ, మీ చొక్కా ఎగిరిపోయింది!"

"ఎవరన్నారు?"

"పక్కింటావిడ. వాళ్ళ మేడ మీద పడితే ఇప్పుడే ఇటు విసిరింది. మళ్ళీ ఎగిరిపోయింది!"

సారు పరుగున మేడెక్కారు. తీగ మీద బట్టలన్నీ ఒకే వైపు అడ్డంగా లేచి కొట్టుకుంటున్నాయి. ఆయన చాలాసేపు చూసి, "గాలి" అన్నారు. గాలిలా ఉంది అనలేదు. గాలి అనే అన్నారు. పిన్నిగారు భయపడి ఆయన నుదురు పట్టుకుని చూశారు, జ్వరమేమోనని.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఉండగా ఆఫీసు ఫోన్ మోగింది. తెర మీద అంకెలు పడ్డాయి. గ్లైడర్ తానెక్కడుందో చెప్తోంది. నేను కుర్చీ తన్నేసి లేచాను.

"ఇది అదే అని ఎవరన్నారు?" అన్నారు సారు, చెయ్యి కడుక్కోకుండానే చెప్పులేసుకుంటూ. "ఎవరో దాన్ని వలలో పట్టి పడవలో వేసుకుని ఉండొచ్చు."

ఎవరూ పట్టలేదు. పెద్ద పెద్ద అలల మధ్య పసుపు తోక, బళ్ళో చెయ్యెత్తిన పిల్లాడిలా నిలబడి ఉంది. దాని కడుపులో ఏం దొరికిందో తర్వాత తెలిసింది. నది నీళ్ళు, సముద్రం నీళ్ళు గాలి దెబ్బకి ఒకదాంట్లో ఒకటి ఎలా కలిశాయో, సుడి సుడీ, అక్కడే వేలాడుతూ మొత్తం రాసుకుంది. చెంచా తిరుగుతుండగా కప్పులో కూర్చుని చూసిందన్నమాట. లోకంలో ఎవరి దగ్గరా లేని గీతలు. మా సారు ఇప్పటికీ వాటిని నమ్మలేదు, అది వేరే సంగతి.

ముందు వర్క్‌షాపులో విప్పే ఘట్టం. పెద్దసారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. నేను పెంకు తెరిచాను. లోపల చుక్క నీరు లేదు. సీసం పలకల కట్ట బయటికి తీశాను. దాని చుట్టూ బిగించిన టేపు మీద నా చూపు పడింది.

సారు కట్టే కట్టు నాకు బాగా తెలుసు. టేపు శుభ్రంగా కత్తిరించి, కొస మడిచి, విప్పడానికి వీలుగా చెవి పెడతారు. ఈ టేపు కొస చిందరవందరగా ఉంది. పళ్ళతో కొరికి తెంపింది. మా సంస్థలో టేపు పళ్ళతో కొరికేవాణ్ణి నేనొక్కణ్ణే. అంటే ఈ కట్టని నా తర్వాత ఎవరూ విప్పలేదు. తీశాను, తూచాను, మళ్ళీ వేశాను అని అందరి ముందూ చెప్పిన మనిషి దీన్ని అసలు ముట్టుకోనే లేదు.

పెద్దసారు పలకలు తూయించారు. తొట్టి దగ్గర రాసుకున్న బరువుకి వెంట్రుకంత తేడా లేదు.

"బరువు సరిగ్గానే ఉంది" అన్నారు. "సంతోషం. కానీ నేను పైకి రాయాలి కదా. ఈ అబ్బాయి వేసిందే సరిపోయిందా, మీరు దిద్దితే సరిపోయిందా? ఏవయ్యా, నువ్వు ఉన్నదున్నట్టు చెప్తావని పేరు. ఈ కట్టు ఎవరిది?"

నాది అంటే ఉద్యోగం నాది. కానీ ఇంత వయసు మనిషి, నా మూలంగా, అందరి ముందూ అబద్ధాలకోరు అవుతాడు.

"సారుది" అన్నాను.

జీవితంలో మొదటి అబద్ధం.

సారు గిరుక్కున నా వైపు తిరిగారు. వానని వాన కాదన్నప్పుడు కూడా ఆయన ముఖంలో అంత అనుమానం చూడలేదు. "కాదు" అన్నారు. "కట్టు అతనిదే. తూకం అతనిదే. నేను ముట్టుకోలేదు."

పెద్దసారు నోరు తెరిచారు. "మరి ఆ రోజు మీరే చెప్పారు కదండీ, తీసి మళ్ళీ వేశానని!"

"నా జ్ఞాపకశక్తి మీద నాకెప్పుడూ అనుమానమే."

పెద్దసారు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. ఏదో అనబోయి, మానేసి, "ఈ అబ్బాయిని ఖాయం చేస్తున్నాను. మీ ఇద్దరూ ఒకచోట ఉండటమే మంచిది, ఇంకెవరికీ తిప్పలుండవు" అని వెళ్ళిపోయారు.

ఇద్దరమే మిగిలాం. నేను ఊరుకోలేకపోయాను.

"ఎందుకు తూచలేదు సార్?"

"కొన్నాళ్ళుగా మానేశాను. తప్పు చేస్తే నువ్వే వచ్చి చెప్తావు కదా, ఇంక తూచడం దేనికి?" పలకలు డబ్బాలో సర్దుతున్నారు. "ఈసారి నేను అనుమానించకుండా వదిలేసినవి రెండే. ఒకటి నది. ఆ నది ముంచింది."

"రెండోది?"

"రెండోది ఇప్పుడే పెద్దాయన ముందు నిలబడి అబద్ధమాడింది."

"మీ కోసమే కదా!"

"అయినా అబద్ధం అబద్ధమే. అంత సులువుగా ఆడగలవని తెలీదు నాకు. ఇక లాభం లేదు. రేపట్నుంచి మళ్ళీ తూస్తాను."

"మీరు ఆడలేదా?"

"నా సంగతి వేరు. నన్ను నేను మొదట్నుంచీ నమ్మలేదు."

అన్నట్టుగానే మళ్ళీ మొదలైంది. తర్వాతి ప్రయాణానికి నేను గ్లైడర్ని తూచి, టేపు కొరికి, కట్టి పెట్టాను. ఆయన కట్టు విప్పారు. తూచారు. తేడా వచ్చింది. పలక వైపు చూశారు, నా వైపు చూశారు. ఆ తర్వాత మెల్లిగా తక్కెడని బల్ల మీంచి దించి, మరలు విప్పడం మొదలుపెట్టారు.

"ముసలిదైపోయింది పాపం, తక్కెడ" అన్నారు. "తప్పు దీనిదే."

"తప్పు తక్కెడది కాదు సార్. నేనే ఒక పలక ఎక్కువ వేశాను. వేస్తున్నప్పుడు ధ్యాస ఎక్కడో ఉంది."

ఆయన చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. ముఖం వికసించింది.

"హమ్మయ్య! మళ్ళీ మామూలు మనిషివయ్యావు. ఇక నీ పని తూచక్కర్లేదు."

అని, పలక ఎక్కువ వేశానని నేను చెప్పింది నిజమో కాదో తేల్చుకోవడానికి, మరలన్నీ బిగించి, మొత్తం మళ్ళీ తూచారు.